ఓం శాంతి, డెడ్ 0041

ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉన్న పెద్దలందరికీ మా ఓనర్ గారు ఇప్పటికే విడివిడిగా ఫోన్లు చేసి క్షమాపణలు చెప్పారు. ప్రతి ఫోన్లోనూ "మా గోడౌన్ మనిషి కొంచెం పాతకాలం వాడండీ, ఈ మెషిన్లూ అవీ పడవు" అన్నారు. ఆ పాతకాలం వాణ్ని నేనే. ఆయన నా పక్కన నిలబడే ఈ ఫోన్లన్నీ చేశారు. అందుకని జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెడుతున్నాను, చదివి ఎవరు పాతకాలమో మీరే చెప్పండి.

గోడౌన్ సంగతి గబగబా చెప్పేస్తాను. లారీ సామాను. కమాన్ కట్టలు, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనర్లు, బేరింగులు, కింగ్ పిన్నులు, యూ బోల్టులు. రేకుల షెడ్డు, లోపల ఇనుప ర్యాకులు, అన్నిటికంటే వెనక ఓ అటక. ఏది ఎక్కడుందో మొత్తం నా బుర్రలో ఉంటుంది. మెకానిక్ వచ్చి "అన్నా, ఆ పాత లేలాండుకి పడే బుష్" అంటే కరెంటు పోయినా చెయ్యి పెట్టి తీసిస్తాను. ఇన్నేళ్ళూ ఇది గొప్పే అనుకున్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే ఓనర్ గారి అల్లుడు గారు పండక్కి వచ్చి, దీన్ని రిస్క్ అంటారని తేల్చారు. "రేపు అంకుల్‌కి ఏమైనా అయితే స్టాక్ ఎవరికి తెలుస్తుంది మామయ్యా?" అని నేను తెచ్చిచ్చిన టీ తాగుతూ, నా ఎదురుగానే అడిగారు. నాకేమవుతుందండీ? కాస్త షుగరుంది, అంతే.

అలా బార్‌కోడ్లు వచ్చాయి.

అల్లుడు గారు మంచివారే గానీ ఏ సంగతి చెప్పాలన్నా దాని పుట్టుక దగ్గర మొదలుపెడతారు. ఉడ్‌ల్యాండ్ అని ఒకాయన మయామీ బీచ్‌లో కూర్చుని పాత టెలిగ్రాముల భాష మోర్స్ కోడ్‌లోని చుక్కల్నీ గీతల్నీ ఇసుకలో వేళ్ళతో సాగదీశాడట, ఈ గీతలన్నీ అక్కడే పుట్టాయట. సిల్వర్ అనే స్నేహితుడితో కలిసి ఆయనకి 1952లో పేటెంటు వచ్చిందట. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ అనే ఊళ్ళో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీద షాపులో మొదటి బీప్ మోగిందట. ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుకలో నేనూ చాలా సాయంత్రాలు కూర్చున్నాను, వేళ్ళతో గీతలూ గీశాను. నాకేమీ తట్టలేదు కాబట్టే గోడౌన్‌లో ఉన్నాను.

కంపెనీ సీలుతో వచ్చే డబ్బాల మీద పదమూడంకెల బార్‌కోడ్ ముందే ఉంటుంది. 890తో మొదలైతే ఆ నంబరు, బార్‌కోడ్ నంబర్లిచ్చే జీఎస్1 ఇండియా అనే సంస్థ ద్వారా వచ్చిందని అర్థం, అంతేగానీ సరుకు ఇండియాలో తయారైందని కాదు (ఈ తేడా మీద నాకు విడిగా క్లాసు జరిగింది). చివరి అంకె, ముందున్న పన్నెండూ మెషిన్ సరిగ్గా చదివిందో లేదో చూసుకోవడానికి. సరే. విడిగా వచ్చే ఇనుముకి మాత్రం ఏ కోడూ ఉండదు, దానికి మనమే ఒకటి పెట్టుకోవచ్చు, మన గోడౌన్ వరకే వాడుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోడ్ 128 అనే రకంలో అంకెలతో పాటు ఇంగ్లీషు అక్షరాలు కూడా పడతాయి. నా ఖర్మ ఆ అక్షరాల్లో ఉంది.

సరుకుని అల్లుడు గారు మూడు రకాలు చేశారు: రోజూ కదిలేది, అప్పుడప్పుడూ కదిలేది, అసలు కదలనిది. స్టాక్ లెక్కల్లో ఈ విభజన మామూలేనట. మొదటిదానికి ఫాస్ట్, రెండోదానికి స్లో, మూడోదానికి డెడ్. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, పక్కన నాలుగంకెలు. "కదలనిదాన్ని నాన్ మూవింగ్ అంటారు కదా బాబూ, ఎన్ అని పెట్టుకుంటే పోలా?" అన్నాను. "డెడ్ అంటే క్లియర్‌గా ఉంటుంది అంకుల్, చూడగానే అందరికీ అర్థమైపోవాలి" అన్నారు. అయింది. అందరికీ.

మధ్యలో జరిగినవి చాలా ఉన్నాయి, వదిలేస్తున్నాను. మొదటి విడత స్టిక్కర్లు రిబ్బన్ అక్కర్లేని చవక రకం, వేడి తగిలితే నల్లబడే కాగితం, దాన్ని బెజవాడలో రోహిణి కార్తెలో ఎండలో దించిన బ్రేక్ డ్రమ్ముల మీద అంటించమన్నారు. ఏమైందో నేను చెప్పక్కర్లేదు. తర్వాత రిబ్బన్ ప్రింటర్ కొన్నారు. ఎక్సెల్ ఏమో పదమూడంకెల నంబర్లన్నిటినీ చుట్టచుట్టి పెద్ద పెద్ద లెక్కల భాషలో చూపించింది, గడుల్ని టెక్స్ట్‌గా మార్చాక దారికొచ్చింది.

ఇక స్కానర్. దీన్ని మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. మీరు చేత్తో పట్టుకునే ఆ తుపాకీ కంప్యూటర్ దృష్టిలో ఒక కీబోర్డు, అంతే. గీతల్ని చదువుతుంది, నంబర్ని టైపు చేస్తుంది, చివర ఎంటర్ నొక్కుతుంది. ఎక్కడ టైపు చేస్తుంది అంటే, కర్సర్ ఎక్కడుంటే అక్కడ. అది స్టాక్ షీటా, పెళ్ళి పత్రికా, కరెంటు బిల్లు కట్టే పేజీయా అని చూడదు. మాది వైరు లేని రకం. ల్యాప్‌టాప్‌కి చిటికెన వేలంత ముక్క ఒకటి గుచ్చి, స్కానర్ పట్టుకుని గోడౌనంతా తిరగొచ్చు. సిగ్నల్ అందని మూలకి వెళితే చదివినవన్నీ తనలోనే దాచుకుని, మళ్ళీ దగ్గరికి రాగానే ఒక్కసారిగా కక్కేస్తుంది. ఈ ఏర్పాటు అల్లుడు గారు ప్రత్యేకంగా సెట్ చేసి వెళ్ళారు. "ఒక్క ఎంట్రీ కూడా మిస్ కాకూడదు అంకుల్."

కాలేదు బాబూ.

ఆరోజు అటక మీది స్టాక్ ఎక్కించాలి. నేను ఎక్సెల్ తెరిచాను, కర్సర్ మొదటి గడిలో పెట్టాను, కింది ర్యాక్ మీద ఒక లైనర్ డబ్బా కొట్టి చూశాను, గడిలో పడింది, నిచ్చెన ఎక్కాను. ఈ వాక్యాన్ని దయచేసి రెండుసార్లు చదవండి, ఎందుకంటే తర్వాత ఎవరూ నన్ను ఈ ముక్క చెప్పనివ్వలేదు.

నేను ఎక్కిన కాసేపటికి ఓనర్ గారు లోపలికొచ్చారు. పొద్దున్నే గ్రూపులో చావు కబురు. లైనర్ల వ్యాపారం చేసే ఒకాయన నాన్నగారు పోయారు. తొంభై దాటిన మనిషి, ఆటోనగర్‌లో అందరికీ పెద్దదిక్కు. ఓనర్ గారికి ఫోన్లో అక్షరాలు ఆనవు, అందుకని వాట్సాప్ ఎప్పుడూ గోడౌన్ ల్యాప్‌టాప్‌లోనే చూస్తారు. నా ఎక్సెల్‌ని పక్కకి నెట్టి, గ్రూపు తెరిచి, "వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలి, కుటుంబ సభ్యులకు ప్రగాఢ సానుభూతి" అని ఎవరో పెట్టినదాన్నే కాపీ చేసి పెట్టి, టీ తాగడానికి గేటు దగ్గరికి వెళ్ళిపోయారు. కర్సర్ గ్రూపులోనే ఉంది.

అటక మీద మొదట తగిలినవి బేరింగులు, సీలు తీయని కంపెనీ డబ్బాలు. నేను కొడుతున్నాను, బీప్ వస్తోంది. ఆ బీప్ వినడానికి బాగుంటుంది, మనమేదో సాధిస్తున్నట్టు ఉంటుంది. ఒకే రకం డబ్బాలు కాబట్టి ఒకే నంబరు మళ్ళీ మళ్ళీ. ఇక్కడ బీప్ అంటే అక్కడ గ్రూపులో ఓం శాంతిల మధ్య 890తో మొదలయ్యే పదమూడంకెలు, మా ఓనర్ గారి పేరుతో, పక్కన ఆయన తిరుమలలో గుండుతో దిగిన ఫోటోతో. గ్రూపులో వాళ్ళు ఏమనుకోవాలి? బ్యాంకు అకౌంటు అనుకున్నారు. "ఎంత వేయమంటారు?" అని ఒకాయన. "ఐఎఫ్ఎస్‌సీ పెట్టలేదు" అని ఇంకొకాయన. "తలా వెయ్యి వేద్దాం, ఎవరికీ బరువుండదు" అని మూడో ఆయన తీర్మానం కూడా చేసేశారు. పోయినాయన కొడుకుకి రెండు షాపులు, మూడంతస్తుల ఇల్లు ఉన్నాయి. ఆయనకి చందా ఎందుకని ఒక్కరూ అడగలేదు, మా ఓనర్ గారు అన్నిసార్లు నంబరు పెట్టారంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నారు. ఆయన మాటకున్న విలువ అలాంటిది. ఆ మర్యాద కూడా నావల్లే పోయిందంటున్నారు ఇప్పుడు.

బేరింగులయ్యాయి. పక్క వరసలోకి జరిగాను. అక్కడ అంబాసిడర్ క్లచ్ ప్లేట్లు. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది, మా ఓనర్ గారు మాత్రం "ఎవడో ఒకడు వస్తాడయ్యా, ఉండనీ" అంటారు. దాని పక్కన పాత మటాడోర్ వ్యాన్ల సామాను. దాని పక్కన ఏ బండివో నాకు తప్ప ఎవరికీ తెలియని బుష్‌లు. ఈ వరసంతా డెడ్.

గ్రూపులో "ఓం శాంతి" అని పడింది. దాని కింద "డెడ్ 0041" అని పడింది. "మహానుభావులు" అని ఒకాయన పెట్టారు. "డెడ్ 0042." ఇంకొకరు దండం పెట్టారు. "డెడ్ 0043." అప్పటిదాకా అకౌంటు గొడవలో ఉన్నవాళ్ళంతా ఆగిపోయారట. "ఎక్కడండీ?" అని ఒకాయన. "డెడ్ 0044." "బస్సా, రైలా?" "డెడ్ 0045." అంకె పెరుగుతోంది కదా, టీవీలో కింద తిరిగే అక్షరాల్లో ఎలా పెరుగుతుందో అలా. పటమటలో ఒకాయన షాపు వదిలేసి ఇంటికెళ్ళి న్యూస్ చానళ్ళన్నీ తిప్పారట. కొడుకు లారీ మీద విశాఖ వెళ్ళిన ఒకాయన అతనికి ఫోన్ చేస్తే అతను డ్రైవింగ్‌లో ఉండి ఎత్తలేదు, ఆ ఇంట్లో ఏమైందో నేను రాయను. గ్రూపు అడ్మిన్ "సంతాప సమయంలో దయచేసి ఇతర వార్తలు పెట్టవద్దు" అని పెట్టారు. "డెడ్ 0046." వ్యాపారం తెలిసిన మనిషి ఒకాయన మాత్రం అర్థం చేసుకున్నారు, ఆటోనగర్ మొత్తానికి ఆయనొక్కరే. "డెడ్ స్టాకా అండీ? మొత్తం లాటుగా ఎంతకిస్తారు?" అని అడిగారు. ఆ ప్రశ్న సరిగ్గా పెద్దాయన దండేసిన ఫోటో కింద పడింది. దానికి ఇద్దరు ఆయన్ని తిట్టారు.

ఇదంతా నాకు తెలియదు. నేను అటక చివరి మూలకి పాక్కుంటూ వెళ్ళాను, అడ్డంగా ఇనుప ర్యాకులున్నాయి, సిగ్నల్ లేదు, స్కానర్ బుద్ధిగా అన్నీ దాచుకుంటోంది.

టీ దగ్గర ఓనర్ గారికి ఫోన్లు మొదలయ్యాయి. ఆయన పరుగున వచ్చి తెర చూసి పెట్టిన కేక అటక మీదికి వినిపించింది. అయితే ఏం చేశానని కాదు, "దిగవయ్యా కిందికి" అని మాత్రమే. మంటలేమో అనుకున్నాను. ఆలోగా ఆయన ఒంటివేలితో క్షమాపణ టైపు చేస్తున్నారు, పంపకుండా, ఇంకా రాస్తూ: "పొరపాటు జరిగింది. పెద్దాయనంటే మాకు ఎంతో గౌరవం. వారు మాకు". నేను నిచ్చెన దిగి స్కానర్ చేతిలో పెట్టుకునే ఆయన దగ్గరికి పరిగెత్తాను.

దగ్గరికి. రాగానే.

"పొరపాటు జరిగింది. పెద్దాయనంటే మాకు ఎంతో గౌరవం. వారు మాకు డెడ్ 0047" అని వెళ్ళింది. వెనకాలే 0048, 0049, 0050, అలా మా మటాడోర్ సామానంతా వరసగా. ఓనర్ గారు కీబోర్డు మీద అరచేత్తో కొట్టారు, దానికి కొన్ని అక్షరాలు కూడా కలిసి వెళ్ళాయి. "ఆపు! ఆపు!" అంటే నేను స్కానర్‌ని వెనక్కి దాచుకున్నాను, చేతులు పైకెత్తాను, చివరికి పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. బయట లారీ బాడీ కట్టేవాళ్ళు వెల్డింగ్ ఆపి చూశారు. ఆ ముక్కని ల్యాప్‌టాప్‌లోంచి పీకేస్తే సరిపోయేదని ఇప్పుడు అందరూ చెబుతున్నారు, ముఖ్యంగా అప్పుడు అక్కడ లేనివాళ్ళు.

తర్వాత ఆయన కనిపించిందల్లా అందరికీ డిలీట్ కొట్టారు, అందులో ఆయన పెట్టిన అసలు సంతాపం కూడా పోయింది. ఇప్పుడు ఆ రోజు చాట్ తెరిస్తే మా వైపు నుంచి ఒక పేజీ పొడుగునా "ఈ మెసేజ్ తొలగించబడింది" అనే ఉంటుంది. చూడనివాళ్ళు ఏం తొలగించారో చెప్పమని చూసినవాళ్ళని అడుగుతున్నారు, చూసినవాళ్ళు ఉన్నదానికి ఇంకాస్త కలిపి చెబుతున్నారు.

రాత్రి అల్లుడు గారు వీడియో కాల్‌లో వచ్చారు. స్కాన్ అయ్యాక ఎంటర్ నొక్కకుండా మార్చొచ్చట, స్కానర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో దానికో బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని ఒకసారి కొడితే చాలట. ఆ పుస్తకం "ఇదంతా పీడీఎఫ్ దొరుకుతుంది అంకుల్" అని ఆయన చేతులతోనే చెత్తబుట్టలో వేశారు. నేను గుర్తు చేశాను, నెట్‌వర్క్ బాలేక ఆయనకి వినపడలేదు. "అయినా అవన్నీ ఎందుకు డిలీట్ చేశారు మామయ్యా? చాట్ ఎక్స్‌పోర్ట్ కొడితే అటక స్టాక్ మొత్తం వచ్చేసేది కదా. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి స్కాన్ చేయాలి. ఈసారి అంకుల్‌కి కొంచెం ట్రైనింగ్ ఇప్పిద్దాం" అన్నారు.

ట్రైనింగ్ సోమవారం నుంచి. ఆన్‌లైన్‌లో, అదే ల్యాప్‌టాప్ మీద, వాట్సాప్ తీసేయడానికి ఓనర్ గారు ఒప్పుకోలేదు.