రెండు చాలు, కత్తిరించు

మా వీధి చివరి మెడికల్ షాపులో కౌంటర్‌కి తాడుతో కట్టిన కత్తెర ఒకటి ఉంటుంది. ఆ షాపులో అందరికంటే ఎక్కువ కష్టపడేది అదే. మొన్న సాయంత్రం దాని పనితనం దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది.

నా ముందున్నావిడ చీటీ గీటీ ఏమీ తేలేదు. "తమ్ముడూ, మావాడికి జ్వరం, ఒళ్లు నొప్పులు. మొన్న మా ఆడపడుచుకి ఇచ్చావు చూడు, ఆ మాత్రే ఇవ్వు" అంది. ఆడపడుచుకి వచ్చింది పంటినొప్పి అని మాటల్లో తేలింది. తమ్ముడు తడుముకోలేదు. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు తీశాడు.

"ఎన్నక్కా?"

"రెండు చాలు. తగ్గకపోతే రేపొస్తా."

కర్రుమంది కత్తెర. మందు పేరు ఒక ముక్కలో సగం, ఇంకో ముక్కలో సగం. డాక్టరు చెప్పకుండా వాడొద్దని హెచ్చరించే ఎర్ర గీత ఉన్న ముక్క డబ్బాలోకి వెళ్లిపోయింది. గీత క్షేమం, మనకు కావలసిందీ అదే కదా.

నోరు ఊరుకోక "బాబూ, దీనికి రిజిస్టర్ రాయాలి కదా?" అన్నాను. 2014 మార్చి నుంచి ఇలాంటి మందులకు షెడ్యూల్ హెచ్1 అని రూలుంది. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చారో విడిగా రాసి మూడేళ్లు దాచాలి. అతను నొచ్చుకున్నాడు. "లేదనుకున్నారా సార్?" అని పుస్తకం తీసి చూపించాడు. నిజంగానే ఉంది. ఎవరెవరు ఎంత బాకీయో తేదీలతో సహా. నా పేరు కూడా ఉంది, 140 రూపాయలు. చర్చ అక్కడితో ముగిసింది.

ఇలా అవసరం లేకుండా వాడినకొద్దీ మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. అసలు ఈ కత్తెర విద్యలో బాక్టీరియా మనకంటే సీనియర్. పెన్సిలిన్‌ని పాడుచేసే ఎంజైమ్‌ని బాక్టీరియా తయారుచేస్తుందన్న సంగతి 1940లోనే బయటపడింది, ఆ మందు ఇంకా మార్కెట్లోకే రాని రోజుల్లో. పెన్సిలిన్‌లోనూ, ఆవిడ కొన్న సెఫిక్సిమ్‌లోనూ నాలుగు మూలల చిన్న వలయం ఒకటుంటుంది. మందు ప్రాణమంతా అందులోనే. ఎంజైమ్ వచ్చి ఆ వలయాన్ని ఒక్కచోట తుంచుతుంది, అంతే, మందు ఇక పనిచేయదు. అలాంటి కత్తెరల్లో ఘనమైనదాని పేరు ఎన్‌డీఎం-1. రెండు జింకు అయాన్ల సాయంతో ఐసీయూలో వాడే మెరోపెనెమ్‌ని కూడా తుంచేస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువుని బాక్టీరియా జెరాక్స్ తీసి పక్క బాక్టీరియాకి ఇస్తుంది. దానికీ రిజిస్టర్ లేదు.

ఆ పేరులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. అక్కడ వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన రోగిలో 2008లో దొరికింది కాబట్టి ఆ పేరు. 2010లో లాన్సెట్ అనే బ్రిటిష్ వైద్య పత్రిక వాళ్ల అంటువ్యాధుల సంచికలో వ్యాసం రాగానే దేశానికి ఎక్కడలేని రోషం వచ్చింది. మా రాజధాని పేరు పెడతారా, మా మెడికల్ టూరిజం ఏం కావాలి? మరుసటి ఏడు లాన్సెట్ ఎడిటర్ ఆ పేరు విషయంలో సారీ చెప్పారు. పరువు దక్కింది.

మన తెలుగువాళ్లకు మాత్రం ఇందులో అన్యాయం జరిగింది. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. స్ట్రిప్పు కత్తిరించే శ్రమ కూడా లేకుండా వాగుకే పోశాం. అయినా ఒక్క ఎంజైమ్‌కీ మన ఊరి పేరు పెట్టలేదు.

ఢిల్లీలో మూడు ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల మీద చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. ఆ పసివాళ్ల రక్తంలో దొరికిన ఎసినెటోబాక్టర్ అనే బాక్టీరియాలో 82 శాతం ఒకటి కాదు, ఎన్నో రకాల మందులకు లొంగనివి. పుట్టి వారం కూడా కాని బిడ్డ ఏ షాపుకెళ్లి రెండు మాత్రలు కత్తిరించమంది? ఏ వాగులో ఏం పోసింది? బ్లడ్ కల్చర్ రిపోర్టులో ఒక్కో మందు పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్ (అంటే రెసిస్టెంట్, లొంగదు) అని పడుతుంటే, కిడ్నీలు పాడవుతాయని ఎప్పుడో పక్కనపెట్టిన కొలిస్టిన్ అనే పాత మందుని ఆ పిడికెడు ఒంట్లోకి ఎక్కించాలి. చేతులు కడుక్కోని మనుషులు, కడగని ట్యూబులు, రాయని రిజిస్టర్లు. వీటిలో ఒక్కదానికైనా రాలేదేం, పేరుకి వచ్చిన ఆ రోషం?

నిన్న ఆవిడ మళ్లీ కనిపించింది. పిల్లాడికి ఒక్క మాత్రకే జ్వరం తగ్గిపోయిందట. మిగిలింది పారేయడమెందుకని మామగారికి మోకాలినొప్పికి వేసిందట.