కౌన్సెలర్ ఉంటే సరిపోతుందా?
ఆఫీసులో కౌన్సెలర్‌ని పెడితే ఉద్యోగుల ఒత్తిడి తగ్గిపోతుందన్న మాట నాకు సగమే నిజమనిపించింది. విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఓ ఫైనాన్స్ కంపెనీలో ఆరేళ్లు వసూళ్ల పని చేశాను. మాకూ నెలకోసారి కౌన్సెలర్ వచ్చేవారు. కూర్చోబెట్టింది మాత్రం మేనేజర్ గది పక్కనే, మధ్యలో అద్దం తలుపు. ఇక ఎవరెళ్తారు? మార్చి నెలాఖరులో అయితే రాత్రి పదింటికి కూడా టార్గెట్ ఎంతయిందంటూ వాట్సాప్ మోగేది, నాకు గుండె దడ. చివరికి మా ఆవిడ పోరు పడలేక డాబా మీదకెళ్లి 14416కి, అదే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చేశాను. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు, ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఉద్యోగం మారాక నిద్ర పడుతోంది. ఆ మేనేజర్ మాత్రం ఇప్పటికీ రాత్రి పదింటికే మెసేజ్ పెడుతున్నాడట.