స్పాన్సర్‌కి అరగంట, మనవాడికి ఆరు నిమిషాలు

గత సంచికలో, అమెరికాలోని మన తెలుగు సంఘం ఊళ్ళో జరిపిన సేవా దినాల నివేదిక చదివాను. కంటి శిబిరం, సైకిళ్ళ పంపిణీ, బడికి మంచినీటి ప్లాంటు, అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖరున ఒక వాక్యం: ‘సైబర్ భద్రతపై ప్రజలకు అవగాహన కల్పించడమైనది.’ ఆ సభలో నేనూ ఉన్నాను కాబట్టి, ఎవరికి ఎంత అవగాహన కలిగిందో రాయాలనిపించింది. ఎవరినీ నొప్పించాలని కాదు. కాస్త నొప్పి కలిగితే మాత్రం మంచిదే.

ముక్కనుమ నాడు, అమలాపురం దగ్గర కల్యాణమండపం. ముందురోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నడిచిన కాళ్ళు ఇంకా సలుపుతూనే ఉన్నా జనం బాగానే వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదకి పిలుపులు. పిలిచినవాళ్ళు పిలిపించుకున్నవాళ్ళకి, పిలిపించుకున్నవాళ్ళు పిలిచినవాళ్ళకి శాలువాలు. మనకివి కొత్త కాదు. న్యూజెర్సీలోనూ అంతే, డాలస్‌లోనూ అంతే.

మా మేనల్లుడు హైదరాబాదులో ఒక కంపెనీ ఎస్‌ఓసీలో పనిచేస్తాడు. క్లయింట్ల నెట్‌వర్కుల మీద రాత్రింబగళ్ళు కాపలా కాసే గది అది. సైబర్ భద్రత గురించి మాట్లాడేవాళ్ళెవరైనా ఉంటే చెప్పమని కార్యవర్గం అడిగింది, నేను వాణ్ణి పిలిచాను. నైట్ షిఫ్ట్ దిగి అలాగే బస్సెక్కాడు. స్లైడ్లన్నీ తెలుగులో చేసుకొచ్చాడు. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసేవాళ్ళు ఎలా మాట్లాడతారు, ‘ఎవరికీ చెప్పొద్దు, కాల్ కట్ చెయ్యొద్దు’ అని ఎందుకంటారు, డబ్బు పోయిన మొదటి గంటలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే అది చేతులు మారేలోపు ఆపే వీలు ఎలా ఉంటుంది, ఇవన్నీ. అరగంట ఇస్తామన్నారు.

ఆ అరగంట ప్లాటినం స్పాన్సర్ గారికి వెళ్ళింది. ఆయనది శిక్షణ సంస్థ. ‘ఎనిమిది వారాల్లో సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం. ఎక్స్‌పీరియన్స్ సంగతి మాకొదిలేయండి’ అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ రెండో వాక్యానికి అర్థం ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను విప్పి చెప్పక్కర్లేదు.

తర్వాత ఎమ్సీ గారు, ‘ఇప్పుడు మన కంప్యూటర్ బాబు రెండు ముక్కలు చెబుతాడు, అటు భోజనాలు కూడా సిద్ధం’ అన్నారు. కుర్చీలు కదలడం మొదలైంది. ఆరో నిమిషంలో కమిటీ పెద్దాయన ఒకరు వేదిక పక్కకొచ్చి, ‘బాబూ, నీకు కంప్యూటర్లు తెలుసు కదా, గ్రూప్ ఫొటోకి వెనకాల బ్యానర్ బొమ్మ రావట్లేదు, ఆ ప్రొజెక్టరు సంగతి చూడు’ అన్నారు. మావాడు ‘ఆయ్, చూస్తానండి’ అని దిగిపోయాడు. మా పిల్లల పెంపకం అది. ఆ మర్యాద చూసి ముచ్చటపడ్డవాళ్ళూ ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది.

అసలు కార్యక్రమం భోజనాల దగ్గర జరిగింది. రిటైరైన టీచరమ్మగారు ఒకావిడ విస్తరి ముందు నుంచి లేచొచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. ‘నాయనా, ఆ వీడియోలో పోలీసు అన్నావే, నాకూ మొన్న భోగి ముందురోజు వచ్చాడు. నా ఆధార్ మీద పార్సిల్లో మత్తుమందులు దొరికాయన్నాడు. రోజూ చేస్తున్నాడు. బ్యాంకు తెరవగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పంపమన్నాడు’ అంది. కొడుక్కి కూడా చెప్పలేదు. పోలీసాయన చెప్పొద్దన్నాడట! పండగ సెలవుల పుణ్యమా అని డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. మావాడు అక్కడే ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ నంబర్లు బ్లాక్ చేశాడు, ఫిర్యాదు నమోదు చేయించాడు, కొడుకుతో మాట్లాడించాడు. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామనే ‘డిజిటల్ అరెస్ట్’ మన చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లోనే చెప్పారు. ఆవిడ దాకా ఆ మాట చేరింది మాత్రం పప్పూ దప్పళం మధ్య, సొంత భాషలో, ఎదుట కూర్చున్న మనిషి చెబితేనే. వాడు తినేసరికి రెండో బంతి కూడా లేచిపోయింది.

ఇంతకీ వాడి వెనక ఎవరున్నారు? కంపెనీ ఉందంటారు. కంపెనీకి వాడు షిఫ్ట్ చార్టులో ఒక గడి. ఈ వృత్తికి సంఘాలు లేక కాదు. పరీక్షలు పెట్టి ధ్రువపత్రాలిచ్చే ఐఎస్‌సీ2 1989 నుంచి ఉంది. ఆడిటర్ల సంఘంగా 1969లో మొదలైన ఇసాకాకి హైదరాబాదులో శాఖ ఉంది. నల్, ఒవాస్ప్ అనే స్వచ్ఛంద బృందాల సమావేశాలకి రుసుము కూడా అడగరు. మంచి చేయట్లేదని నేననను. అనుభవం లేని పిల్లల కోసం పది లక్షల మందికి ప్రాథమిక శిక్షణ, పరీక్ష ఉచితంగా ఇస్తామని ఐఎస్‌సీ2 2022లో ప్రకటించింది. నెగ్గాక ఏడాదికి 50 డాలర్లు కట్టాలి, అది వేరే సంగతి. అసలు మెట్టు సీఐఎస్‌ఎస్‌పీ, అనుభవం ఉన్నవాళ్ళకి ఐఎస్‌సీ2 ఇచ్చే ధ్రువపత్రం. దానికి పరీక్ష రుసుము 749 డాలర్లు, ఆపైన అయిదేళ్ళ అనుభవం, దాన్ని ధ్రువీకరించే మరో సభ్యుడి సంతకం, నిలుపుకోవడానికి మూడేళ్ళకి 120 చదువు క్రెడిట్లు. ఆ రుసుము ఇక్కడ అమెరికాలో మనకి కంపెనీ కడుతుంది. అమలాపురంలో డిగ్రీ చదివి మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లకి అది రెండు మూడు నెలల జీతం.

కాలువ కింద వ్యవసాయం చేసిన ఇళ్ళవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారని పేపర్లో పడుతుంది. శివారు చేనుకి వచ్చేసరికి బోదెలో తడి తప్ప ఏమీ ఉండదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, శివారు గోడు ఇప్పటికీ ఉంది. కానీ 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక శివారు రైతు కనీసం ప్రెసిడెంటు ఇంటికెళ్ళి ‘నా వంతు ఏదీ’ అని అడగగలిగాడు. మావాడు ఎవరింటికెళ్ళి అడగాలి?

పరిశ్రమ సంఘాలనే మాట వస్తే, అవి కంపెనీలవి. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ కంపెనీలకి ఆదేశం ఇచ్చింది: దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, కంప్యూటర్ల నమోదు చిట్టాలు (లాగ్‌లు) 180 రోజులు దాచాలి. ఆరు గంటలు చాలవు, 72 ఇవ్వమని మే నెలలో పదకొండు అంతర్జాతీయ పరిశ్రమ సంఘాలు కలిసి లేఖ రాశాయి. న్యాయమైన కోరికే. ఆ మే నెలలోనే అమలాపురం గొడవలయ్యాయి, కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పని చేస్తున్న పిల్లలు లాప్‌టాప్‌లు సంచుల్లో పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లు పట్టారు. మావాడు యానాం వైపు వెళ్ళి చెట్టు కింద కూర్చుని షిఫ్ట్ చేశాడు. ఆరు గంటల గడువులో మెలకువగా కూర్చునేది వాడు. వాడికి సిగ్నల్ ఉందా, నిద్ర ఉందా అని అడిగే లేఖ నాకెక్కడా కనపడలేదు.

చట్టం సంగతి ఇంకోటి. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్ళడమే తప్పు. దురుద్దేశం, మోసం ఉంటే 66 కింద మూడేళ్ళ దాకా జైలు. మా వైపే ఒక సంస్థ వెబ్‌సైట్లో రైతుల ఆధార్ నంబర్లు బయటికి కనపడుతున్నాయని వాడి స్నేహితుడు మెయిల్ పెడితే, ‘నువ్వెందుకు చూశావు’ అని జవాబొచ్చింది. అమెరికా న్యాయశాఖ మంచి ఉద్దేశంతో లోపాలు వెతికేవాళ్ళ మీద కేసులు పెట్టబోమని 2022లోనే విధానం మార్చుకుంది. మన ఊళ్ళ పిల్లలకి ఆ ధీమా లేదు. కనీసం ఒక లాయరు ఫోన్ నంబరు ఇచ్చే సంఘం ఉండాలి.

ఇదంతా మన పనా అంటారు. మనది సాంస్కృతిక సంఘం, ఉగాదీ, దీపావళీ, ఆవకాయ పోటీ. నిజమే. కానీ మన సభ్యుల్లో సీఐఎస్‌ఎస్‌పీ, ఇసాకా వాళ్ళ సీఐఎస్‌ఏ ధ్రువపత్రాలు ఉన్నవాళ్ళు ప్రతి పిక్నిక్‌లోనూ కనపడతారు. వాళ్ళకి ఆ 120 క్రెడిట్లు ఎలాగూ కావాలి, పాఠం చెప్పినా క్రెడిట్లొస్తాయి. డిసెంబరులో ఎలాగూ ఊరెళతారు. అమలాపురంలోనో భీమవరంలోనో కాకినాడలోనో ఒక పూట కాలేజీ పిల్లలకి చెప్పండి. ఆ ప్రాథమిక పరీక్షకి చదివించండి. నెగ్గినవాళ్ళకి మొదటి ఏడాది 50 డాలర్లు మన నిధి నుంచి కడదాం. సావనీర్‌లో అభినందన ప్రకటనలకి అంతకు ఎన్నో రెట్లు పోస్తున్నాం.

ఇక ఆ స్పాన్సర్ సంగతి. రెజ్యూమెలో లేని అనుభవం రాయించుకునే ఆ దారి మనలో చాలామందికి కొత్త కాదు, పేర్లు అడక్కండి, నేనూ చెప్పను. కానీ బ్యాంకులకీ ఆసుపత్రులకీ కాపలా ఉండే ఉద్యోగాన్ని కూడా అద్దె అనుభవంతో నింపితే, అసలు అయిదేళ్ళు రాత్రులు మేలుకున్న పిల్లవాడి రెజ్యూమెని కూడా రేపు ఎవడూ నమ్మడు. ‘మీ ఊరివాళ్ళు కదా’ అని పక్కన పెట్టేస్తారు. ఇప్పటికే పెడుతున్నారని అంటే కోపాలొస్తాయి. ఒకసారి ఎవరైనా హైరింగ్ మేనేజర్ని పక్కకి పిలిచి అడగండి.

వచ్చే సేవా దినాల స్పాన్సర్ల జాబితా కార్యవర్గం ముందుకి ఈ నెలలోనే వస్తుంది. ‘ఎక్స్‌పీరియన్స్ మేం చూసుకుంటాం’ అనేవాళ్ళ చెక్కు తీసుకోకూడదని తీర్మానం పెడుతున్నాను. నన్ను బలపరిచే సభ్యుడు ఒకరు కావాలి. సీఐఎస్‌ఎస్‌పీ ఉన్నవాళ్ళెవరైనా అయితే మరీ సంతోషం.