కర్సర్ పక్కకు జరిగితే సేవ్ బటన్ ఎందుకు మాయమవ్వాలి?

టైప్ చేసే పెట్టెలో కర్సర్ (మిణుకుమనే గీత) ఉన్నంతసేపే ‘సేవ్’, ‘క్యాన్సిల్’ బటన్లు చూపించి, కర్సర్ బయటికి రాగానే దాచేసే ఫారాలంటే నాకు నిజంగా కోపం. పేజీ శుభ్రంగా కనబడాలన్న డిజైనర్ల కోరికను తప్పుపట్టను. ఖాళీ కామెంట్ బాక్స్ కింద నాలుగు బటన్లు ఎవరికీ అక్కర్లేదు. కర్సర్ రాగానే బటన్ చూపిస్తే నష్టమేమీ లేదు. కర్సర్ వెళ్లగానే దాచేయడంతోనే గొడవంతా.

ఫ్రంటెండ్ (వెబ్‌పేజీలో మనకు కనబడే భాగం) రాసేవాళ్లకు ఇది ఎక్కడ పుడుతుందో తెలుసు. సేవ్ మీద మౌస్ నొక్కామనుకోండి. బ్రౌజర్ వరసగా సంకేతాలిస్తుంది: ముందు మౌస్‌డౌన్ (బటన్ నొక్కారు), వెంటనే పెట్టెకు బ్లర్ (కర్సర్ బయటికి వెళ్లింది), వేలు తీశాక మౌస్‌అప్, ఆ తర్వాతే క్లిక్. బ్లర్ రాగానే బటన్ దాచేస్తే, వేలు తీసేసరికి అక్కడ బటనే ఉండదు. ఇక క్లిక్ ఎక్కడిది? ఆ మనిషి మాత్రం సేవ్ అయిందనుకుని వెళ్లిపోతాడు.

దీనికి చాలామంది వాడే మందు సెట్‌టైమౌట్. ఓ 200 మిల్లీసెకన్లు ఆగి దాచేద్దాం అంటారు. మా నాన్నగారు ఏ బటన్ అయినా గట్టిగా, నిదానంగా నొక్కి పట్టుకుంటారు. చేతులు వణికేవాళ్లకు ఇంకా సమయం కావాలి. వాళ్ల వేలు ఎంతసేపు ఉండాలో మనమెవరం నిర్ణయించడానికి?

బ్లర్‌తో పాటు వచ్చే రిలేటెడ్‌టార్గెట్ అనే సమాచారం చూసి, ఫోకస్ (కీబోర్డు నొక్కితే స్పందించే చోటు) మన బటన్‌కే వెళ్లిందా అని తేల్చుకోవడం అంతకంటే మేలు. అయితే మ్యాక్‌లో సఫారీ, మౌస్‌తో నొక్కిన బటన్‌కు మామూలుగా ఫోకస్ ఇవ్వదు కాబట్టి అక్కడ ఈ ఉపాయం పారదు. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లో, లోపల ఎక్కడైనా ఫోకస్ ఉందా అని చూసే ఫోకస్-విదిన్ 2017లోనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి వచ్చింది. నాకు ఇష్టమైనదే, కానీ సఫారీలో దానికీ ఇదే చిక్కు.

మౌస్ వాడనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ట్యాబ్ కీతో సేవ్ దాకా వెళ్దామనుకుంటే, పెట్టె దాటగానే అది మాయం. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పేజీ చదువుకుంటూ వచ్చేవారికి, దాచేసిన బటన్ అసలు లేనట్టే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులూ చూపులేనివారూ కేవైసీ విషయంలో వేసిన కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. అందని బటన్‌ని చిన్న బగ్ అనే మాట ఆ తీర్పు తర్వాత కూడా వింటున్నాను, బాధేస్తుంది.

ఫోకస్ చెప్పేది కర్సర్ ఎక్కడుందో మాత్రమే. పని అయిపోయిందో లేదో దానికి తెలియదు. పాత అడ్రస్‌లోంచి పిన్‌కోడ్ కాపీ చేసుకోవడానికి పైకి వెళ్లినా బ్లర్ వస్తుంది. అంతమాత్రాన ఫారం వదిలేసినట్టా?

అందుకే పెట్టెలో ఒక్క అక్షరం మారినా ఆ రెండు బటన్లూ కదలకుండా ఉండాలి. ఏమీ మారకపోతే, ఫోకస్ ఫారం మొత్తాన్నీ దాటాక దాచండి. బ్లర్ సంకేతం పెట్టె దాటి దాని చుట్టూ ఉన్న ఫారం దాకా చేరదు కాబట్టి, ఫారం దాకా చేరే ఫోకస్‌అవుట్ అనే సంకేతాన్ని వినండి. రాసేది మహా అయితే పది లైన్లు. ఇలాంటి ఫిర్యాదు టికెట్ మీ బ్యాక్‌లాగ్‌లో (మిగిలిపోయిన పనుల జాబితాలో) ‘లో ప్రయారిటీ’ కింద పడి ఉంటే, దయచేసి ఈ స్ప్రింట్‌లోకే (ఈ విడత పనుల్లోకే) తీసుకోండి.