చేవ్రాత తుడిచిన దేవుడు, గడువడిగే మనం

ప్రోనోటు సంగతి చిత్తూరు జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కాగితం మీద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం. కొంత కడితే వెనకవైపు చెల్లు రాస్తారు. మూడేళ్లు దాటితే కోర్టులో నిలవదు కాబట్టి ఆలోపే తిరగరాయించుకుంటారు.

బైబిల్లో పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో 'పత్రము', 'చేవ్రాత' అనే మాటలు వస్తాయి. మనవాళ్లకు వెంటనే తట్టాల్సింది ఈ కాగితమే. అక్కడున్న గ్రీకు మాట ఖైరోగ్రాఫోన్. అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసిచ్చిన పత్రమని అర్థం. ఆనాటి మసి సిరా తడిపి తుడిస్తే పోయేది. పౌలు చెప్పే కృప ఇదే: దేవుడు వెనక చెల్లు రాయలేదు, గడువు పెంచలేదు, రాతే లేకుండా చేశాడు.

మత్తయి 18లో యేసు ఇదే సంగతిని అంకెల్లో చెప్పాడు. ఆ కథలో ఒక దాసుడు రాజుకు పడ్డ బాకీ పదివేల తలాంతులు. తలాంతుకు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. మన దగ్గర కూలి రోజుకు 500 రూపాయలు అనుకుంటే 3,000 కోట్లు! అంత బాకీ పెట్టుకుని ఆ దాసుడు మాఫీ అడగలేదు. 'నాయెడల ఓర్చుకొనుము', అంతా కట్టేస్తానన్నాడు. అడిగింది గడువు, దొరికింది మాఫీ. బయటికొచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడంటే, తాను ఇంకా బాకీదారుడిననే అనుకుంటున్నాడన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మన సంఘాల్లో శ్రమ దినాల (ఈస్టరుకు ముందు నలభై రోజుల) ఉపవాసాలూ మొక్కుబడి కానుకలూ చాలామందికి కిస్తీలైపోయాయి. ఒక వారం తప్పితే దేవుడు వడ్డీ వేస్తాడన్న భయం. అలా బతికే మనిషి ఇంట్లో కోడలి చిన్న తప్పునూ వదలడు.

మాఫీ అంటే అప్పు మాయమవడం కాదు. ఆ నష్టం రాజు ఖజానా మీద పడింది. దేవుడి విషయంలో ఆ నష్టం సిలువ మీద పడింది, అందుకే దేవుడు ఆ పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడని పౌలు అంటాడు. ప్రేమ అన్న మాటకు బరువొచ్చేది అక్కడే.

తోటివాడి బాకీ నూరు దేనారాలు కూడా తక్కువేం కాదు. మన లెక్కలో 50,000. కూలివాడికి మూడు నెలల పైచిలుకు తిండి. మనిషికి మనిషి చేసిన గాయం చిన్నదని యేసు ఎక్కడా అనలేదు. ఇది మరిచిన పెద్దలు దెబ్బలు తిన్న భార్యకు 'క్షమించమ్మా' అని చెప్పి అదే ఇంటికి పంపిస్తుంటారు. లూకా 17:3 మాత్రం ముందు గద్దించమంటుంది, మారుమనస్సు పొందితే క్షమించమంటుంది. పగ వదలడం ఆమె తనంతట తానే చేయగలదు. కాపురం నిలబడాలంటే అతను మారాలి, ఆ మార్పు నెలల తరబడి కళ్లకు కనపడాలి. అంతవరకూ ఆమె పుట్టింట్లో ఉన్నా, పోలీసు స్టేషన్‌కు వెళ్లినా కనికరానికి విరోధం కాదు. ఆ కథలోనే తోడిదాసులు జరిగింది చూసి ఊరుకోలేదు, దుఃఖపడి వెళ్లి రాజుకు చెప్పారు. రాజు వాళ్లను తప్పుపట్టలేదు.