ప్రెషర్ తక్కువ చూపించే పెట్టె

(విశాఖలో మా పక్క ఫ్లాట్. మధ్య గోడ పల్చన. వినాలని వినలేదు గానీ, వినపడ్డాక చెవులు మూసుకునేంత సంస్కారం నాకు లేదు.)

ప్రసాద్: పద్దూ, పప్పులో ఉప్పు మర్చిపోయావు.

పద్మ: మర్చిపోలేదు.

ప్రసాద్: నిన్న చారులోనూ లేదు. మొన్న ఉప్మాలోనూ లేదు.

పద్మ: చూశారా, ఇవన్నీ గుర్తుంటాయి. పెళ్ళానికి చెప్పాల్సింది మాత్రం గుర్తుండదు.

ప్రసాద్: ఏం చెప్పాలి? ముందు ఆ ఆవకాయ ఇలా పెట్టు.

పద్మ: జాడీ మా అమ్మ వాళ్ళింటికి పంపేశాను.

ప్రసాద్: జాడీ మొత్తమా! ఎవర్నడిగి?

పద్మ: మీరెవర్నడిగి ఆ పెట్టె కొంటున్నారు?

ప్రసాద్: (గొంతు సగానికి దించి) నీకెవరు చెప్పారు?

పద్మ: మీరే. ఆదివారం బాల్కనీలో, ఫోన్లో. “ప్రెషర్ పెరుగుతుంది, కానీ తక్కువే చూపిస్తుంది కదా” అన్నారు. “స్టేజ్ వన్ చాలు, స్టేజ్ టూ అయితే తట్టుకోలేం” అన్నారు. “చెకప్‌కి వెళ్ళే ముందు పీకేస్తే ఎవరికీ తెలీదు” అన్నారు. “ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలా?” అని కూడా అడిగారు. బీపీ దాచడానికి పెట్టెలమ్ముతున్నారని నాకు తెలీదండీ.

ప్రసాద్: ఓసి పిచ్చిదానా! అది కారుకే!

పద్మ: కారుకి బీపీ ఏమిటి?

ప్రసాద్: బీపీ కాదు. రైల్ ప్రెషర్.

పద్మ: మధ్యలో రైలెక్కడిది? అయినా రైలంటే గుర్తొచ్చింది, వదిన రాజమండ్రిలో ఎక్కేశారు. అన్నవరంలో దిగి, మీ పేరున వ్రతం చేయించి సాయంత్రానికి వస్తారట.

ప్రసాద్: అక్కయ్యకి చెప్పేశావా!

పద్మ: ఫోన్లో ఏడ్చారు పాపం. నేనూ ఏడ్చాననుకోండి. కొంచెమే.

ప్రసాద్: (కుర్చీ జరిపిన చప్పుడు) ఇలా విను. ఇంజన్లోకి చిమ్మే ఇంజెక్టర్లకి వెళ్ళే ముందు డీజిల్ ఒక గొట్టంలో నిలవుంటుంది. దాన్నే రైల్ అంటారు. దానికో సెన్సారుంటుంది. లోపల వెయ్యి బార్ల ప్రెషర్ ఉందనుకో, ఈ ట్యూనింగ్ బాక్సు మధ్యలో కూర్చుని, తొమ్మిది వందలే ఉందని ఈసీయూకి, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటరుకి, చెబుతుంది. అయ్యో తగ్గిపోయిందని అది ఇంకాస్త పెంచుతుంది. డీజిల్ ఎక్కువ పడుతుంది, బలం పెరుగుతుంది.

పద్మ: వెయ్యి బార్లు, ఒక అబద్ధం, ఎక్కువ పోయించడం. ఇదంతా ఇంజను గురించే అంటారు.

ప్రసాద్: ఒట్టు!

పద్మ: ఎక్కడ బిగిస్తారట?

ప్రసాద్: బానెట్ కింద.

పద్మ: అనుకున్నా. బనీను కిందే.

ప్రసాద్: బానెట్టే తల్లీ, బానెట్టు!

పద్మ: చొక్కా విప్పండి.

(ఇక్కడ మా తలుపు తట్టారు. బీపీ మిషను కావాలట. ఇచ్చి వెంటనే వచ్చేయొచ్చు. రాలేదు.)

పద్మ: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. మాట్లాడితే ఎక్కువ చూపిస్తుందట.

ప్రసాద్: నువ్వు మాట్లాడితే?

పద్మ: అది మీకు అలవాటే. చెయ్యి టేబుల్ మీద పెట్టండి... నూట నలభై ఎనిమిది, తొంభై నాలుగు.

ప్రసాద్: మూడు రోజులుగా ఉప్పు లేకుండా తిన్నాక కూడానా!

పద్మ: స్టేజ్ వన్. మీ నోటితో మీరే అన్నారు.

ప్రసాద్: నేనన్నది కారుకే! స్టేజ్ వన్ అంటే లోపలి సామానేమీ మార్చకుండా చేసేది. స్టేజ్ టూ అంటే ఇంటర్‌కూలరు, సైలెన్సరు గొట్టం, అన్నీ మార్చాలి.

పద్మ: రేపు పొద్దున్న మీకు ఏం మార్చాలో డాక్టరు చెబుతాడు. ఎనిమిదింటికల్లా తయారవ్వండి. అసలు కారుకేం తక్కువైందని?

ప్రసాద్: మీ తమ్ముడు అనంతగిరి ఘాట్లో నన్ను దాటిపోతూ చెయ్యూపాడు.

పద్మ: వాడు మర్యాదకి ఊపాడండీ.

ప్రసాద్: ఏసీ వేసుకుని మరీ దాటాడు! మనది 1.3 డీజిల్, 75 హార్స్ పవర్. రెండు వేల ఆర్పీఎం దాటితే గానీ, ఇంజన్లోకి గాలి నెట్టే ఆ టర్బో నిద్ర లేవదు.

పద్మ: ఫిల్టర్ కాఫీ పోసి చూడండి. ఈ ఇంట్లో నిద్ర లేవనివాళ్ళకి అదే మందు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగిన బండి. బలం పెంచితే ఆ పాత క్లచ్ ఊరుకుంటుందా?

ప్రసాద్: (ఆగి) జారొచ్చు.

పద్మ: అప్పుడు కొత్త క్లచ్. తర్వాత టర్బో. దారి పొడుగునా నల్లపొగ. రేపు గుద్దుకుంటే, మాకు చెప్పకుండా మార్చారేమని ఇన్సూరెన్స్ వాడు అడ్డం తిరుగుతాడు.

(ఈవిడకి ఇవన్నీ ఎలా తెలుసా అని నేనూ ఆశ్చర్యపోయాను. ఆయనకి ఆ ఆలోచన కూడా రాలేదు.)

ప్రసాద్: పోనీ రీమ్యాప్ చేయిద్దామా? ఈసీయూలో సాఫ్ట్‌వేరే తిరగరాస్తారు. అబద్ధం చెప్పే పనుండదు.

పద్మ: సర్వీసులో వాళ్ళు మళ్ళీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే?

ప్రసాద్: మనం రాయించింది చెరిగిపోతుంది.

పద్మ: మీకు నేను చెప్పిన మాటల్లాగా. ఇంకేమైనా ఉందా?

ప్రసాద్: పెడల్ బాక్సని ఒకటుంది. చవక. కానీ దాంతో బలమేమీ పెరగదు. కాలు కాస్త ఆనించగానే సగం నొక్కినంత సిగ్నల్ పంపుతుంది. అంతే.

పద్మ: అంటే?

ప్రసాద్: చెప్పగానే పలుకుతుంది. బద్ధకం ఉండదు. అయినా అదెందుకులే.

పద్మ: బలం అదే, కానీ చెప్పగానే పలుకుతుంది?

ప్రసాద్: ఆఁ.

పద్మ: అయితే అది తెప్పించండి.

ప్రసాద్: దండగే! మీ తమ్ముణ్ణి అది దాటలేదు.

పద్మ: కారుకని ఎవరన్నారు? గ్యాస్ బండ మార్చండి మార్చండి అని పొద్దుటి నుంచి మూడుసార్లు పిలిచాను. ఆర్డరు పెట్టండి, బనీను కింద నేనే బిగిస్తాను.