నిక్సీకి 10కే మంత్రం పనిచేయదు

నిక్సీ గడియారం (గాజు ట్యూబుల్లో అంకెల ఆకారపు తీగలు నారింజ రంగులో వెలిగేది) కట్టుకుందామనుకునే వాళ్ళకి ఈమధ్య ఒకటే సలహా చేతులు మారుతోంది: "ట్యూబు ఏదైనా యానోడ్‌కి 10కే రెసిస్టర్ పెట్టెయ్, అంకెల వైపు యూఎల్‌ఎన్2003 చాలు, రెసిస్టర్ ఎంత పెంచితే ట్యూబు అంత ఎక్కువ కాలం వస్తుంది." 10కే అంటే 10 కిలో ఓమ్‌లు, యానోడ్ అంటే ట్యూబు ప్లస్ కాలు, యూఎల్‌ఎన్2003 అంటే అంకెల్ని ఆన్-ఆఫ్ చేసే చిప్. మూడు ముక్కలు, మూడూ తేడానే.

ముందు 10కే సంగతి. నిక్సీ వెలగడానికి 170 వోల్టుల దాకా కావాలి, కానీ ఒకసారి వెలిగాక ట్యూబు సుమారు 140 దగ్గర ఆగిపోతుంది, మీరు పైనుంచి ఎంతిచ్చినా మిగతాదంతా రెసిస్టరే మొయ్యాలి. 180 వోల్టుల సప్లై అయితే మిగిలేది 40. ఐఎన్-14 అనే సోవియట్ ట్యూబుకి కావలసింది 2.5 మిల్లీఆంపియర్లు, అంటే 16కే. నేనూ మొదట్లో ఈ మంత్రం నమ్మి 10కే పెట్టినవాణ్ణే. రెసిస్టర్ మీద మీటర్ పెడితే 41 వోల్టులు చూపించింది, అంటే 4 మిల్లీఆంపియర్లు దాటిందన్నమాట! అంకె చుట్టూ నారింజ రంగు పొగలా కమ్ముకుంది, కింద కనెక్షన్ తీగ కూడా వెలుగుతోంది. అదే 10కే పెద్ద అంకెల ఐఎన్-18కి పెడితే బొటాబొటిగా ఉంటుంది. మరి ఒకే విలువ అన్నిటికీ ఎలా సరిపోతుంది?

ఇక్కడే ఇంకోటి. సప్లై 170కి తగ్గించి చిన్న రెసిస్టర్ పెడితే మంచిదనుకుంటారు, నిజానికి తిరగబడుతుంది. వెలిగాక ఆగే ఆ 140లో ట్యూబుకీ ట్యూబుకీ 5 వోల్టుల తేడా మామూలే. 170 సప్లైలో, 12కే మీద ఆ 5 వోల్టులకి కరెంటు ఆరో వంతు మారిపోతుంది, 200 సప్లైలో 24కే పెడితే పన్నెండో వంతే. పక్కపక్కన నాలుగు ట్యూబులు పెట్టినప్పుడు ఈ తేడా కంటికి తెలిసిపోతుంది.

యూఎల్‌ఎన్2003 రేటింగ్ 50 వోల్టులు. ఆరి ఉన్న అంకెల కాథోడ్‌లు (అంకె ఆకారపు తీగలు) ఉత్తినే కూర్చోవు, చుట్టూ ఉన్న వెలుగువల్ల వాటి వోల్టేజి పైకి తేలుతుంది, 50 దాటాయంటే చిప్ లీకవడం మొదలై పక్క అంకెలు మసకగా దెయ్యాల్లా కనపడతాయి. కొందరికి పనిచేసింది, నిజమే, అదృష్టం అంతే. 74141 చిప్ గానీ దాని సోవియట్ కవల కే155ఐడీ1 గానీ ఈ పనికోసమే చేసినవి, లేదా 300 వోల్టులు తట్టుకునే ఎంపీఎస్‌ఏ42 ట్రాన్సిస్టర్లు అంకెకొకటి పెట్టుకోండి. సోల్డరింగ్ చాకిరీ ఎక్కువే, ఒప్పుకుంటా.

ఇక రెసిస్టర్ పెంచుకుంటూ పోవడం. కరెంటు మరీ తగ్గితే అంకె మొత్తం వెలగదు, 8లో కింది సున్నా సగం చీకటైపోతుంది. పైగా ట్యూబు పాడయ్యేది కరెంటు వల్లే కాదు, ఎప్పుడూ వెలగని అంకెల మీద లోహం పేరుకోవడం వల్ల కూడా. గంటల పదుల స్థానంలో 3 నుంచి 9 దాకా గడియారం ఎప్పుడూ చూపించదు కదా, అందుకే రోజూ రాత్రి కాసేపు పది అంకెలూ వరసగా తిప్పే కోడ్ రాసుకుంటాం. వెలుగు తగ్గించాలంటే కరెంటు అలాగే ఉంచి, ఆన్-ఆఫ్ సమయం మార్చండి.